ఢిల్లీ ఇచ్చిన పేరు

పోయిన వారం మనం రూతుని ఆఫీసు మెట్ల మీద, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆ మెట్ల సంగతి ఇంకోసారి చెప్పాలి, ఈ కథలో కంపు అక్కడే మొదలైంది కాబట్టి. ఖరగ్‌పూర్‌లో ఉన్న ఆ కార్మిక శ్రవణ పరీక్షా కేంద్రంలో మెట్ల గోడలకి మోకాలెత్తున పింగాణీ పలకలు అంటించారు. ఒకదాని మీద కాళీమాత, ఒకదాని మీద మక్కా, ఒకదాని మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న యేసుప్రభువు. పాన్ నమిలి గోడ మీద ఉమ్మకుండా ఉంటారని. అక్కడి గుమాస్తాలు భక్తి గలవాళ్లు, దేవుళ్ల మీద చుక్క పడనివ్వరు. పలకకీ పలకకీ మధ్య ఖాళీ చూసి, గురి పెట్టి, అక్కడ ఉమ్ముతారు.

రూతు ఆ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరు. ఈస్టర్ వెళ్లాక పెళ్లయింది. అప్పట్నుంచీ ఆమెకి లోకమంతా బాగానే ఉంది, ఈ మెట్లు తప్ప. కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తే కొత్త గాజులు గలగలమనడం బాగుంది. గేటు దగ్గర కొనే ఝాల్‌ముడి మరమరాల్లో ఆవనూనె ఘాటుకి కళ్లమ్మట నీళ్లొస్తే అదీ బాగుంది. భర్త సొలొమోను సైకిలు కారియర్ మీద కూర్చుంటే ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో గుంటలు కూడా బాగున్నాయి. అతను రైల్వే టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పని చేస్తాడు. గోల్ బజార్‌లో ఆమె కొనిచ్చిన ఇత్తడి బెల్లు సైకిలుకి బిగించుకున్నాడు. ఆమెని ఆఫీసు దగ్గర దింపి వెళ్తూ రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగిస్తాడు. ఆ మోతకి అర్థం తమ ఇద్దరికే తెలుసని వాళ్లకో గర్వం.

ఇక ఆ పేరు సంగతి. వర్క్‌షాపులో బాయిలర్ల పక్కన ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు విన్నవాళ్లకి ముసలితనం కంటే ముందే చెవుడు వస్తుంది. వాళ్ల వినికిడి పరీక్షించే ప్రభుత్వ కేంద్రం ఇది. పరీక్ష ఏ ఊళ్లో, ఎప్పుడు అన్నది ఖరగ్‌పూర్ నుంచి వాల్తేరు దాకా ఎవరికీ వేళకి తెలియదు. ఇంటర్నెట్‌లో పెడితే ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లోనే చూసుకుంటారని రూతుకి ఆలోచన వచ్చింది. దానికి కేంద్రానికో పేరు కావాలి. ఎవరు పడితే వాళ్లు కొనుక్కునే పేరు కాదు, చివర ప్రభుత్వ ముద్ర ఉన్న సబ్‌డొమైన్. అది ఢిల్లీలో ఒక ఆఫీసు ఇస్తుంది, సర్కారు సంస్థలకి మాత్రమే, అదీ సంస్థ పెద్ద సంతకం పెడితేనే. ఆ సంతకం కోసం డైరెక్టర్ హాల్దార్ గారి గది ముందు రూతు చలికాలంలో నిలబడటం మొదలుపెడితే, పెళ్లి చేసుకుని వచ్చి మళ్లీ నిలబడితే, వానలు పడ్డాక పని అయింది. 1999 జూలైలో పేరు వచ్చింది. ఆ రోజు ఆఫీసంతటికీ సందేశ్ మిఠాయి పంచింది.

నెల తిరక్కుండానే గంగాభవాని ఆ మెట్లెక్కి వచ్చింది. కాలేజీలో రూతు పక్క బెంచీ, బాయిలర్ షాపులో చెవులు పోగొట్టుకున్న తవిటయ్య కూతురు. వచ్చి రూతుని వాటేసుకుని, "మీ ఆఫీసులో టైపిస్టుగా నన్ను తీసుకున్నారే" అంది.

ఆ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం ఖాళీగా లేదు. ఉన్న టైపిస్టుకే చెయ్యడానికి పని లేదు.

"ఎవరు సెప్పినారే?" అని రూతు అడిగింది.

"మీ ఆఫీసే సెప్పింది. కంప్యూటర్ షాపులో సూసినాను. మీ ఆఫీసు పేరు కొడితే వచ్చింది కదా." గంగాభవాని నవ్వు ఇంకా చెదరలేదు. "ఒరిజినల్ సర్టిఫికెట్లు ఝపటాపూర్‌లో ఇచ్చీసినాం, అమ్మా నేనూ పోయిన శుక్రవారమే. నీకు తెలీదేటి?"

రూతు ఆమె చెయ్యి పట్టుకుని కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్లింది. ఆఫీసులో ఏసీ ఉన్న గది అదొక్కటే. అందువల్ల హాల్దార్ గారు పొద్దున బజారులో కొన్న ఇలిశ చేపని సాయంత్రం దాకా అక్కడే పెట్టిస్తారు, ప్రింటరు వెనక, తడి గోనెపట్టాలో. ఆ గోనె నుంచి కారిన నీళ్లు వైర్ల కింద మడుగు కట్టాయి. తలుపు తీస్తే చల్లగాలీ, చేప నీచూ కలిసి మొహాన కొడతాయి. మామూలు రోజుల్లో రూతు దీనికీ నవ్వుకునేది, ఇంటికెళ్లి సొలొమోనుకి చెప్పి నవ్వించేది.

ఇవాళ కొంగు తియ్యకుండానే మోడెమ్ కలిపింది. అది కీచుమంటూ లైను పట్టుకుంది. తర్వాత, తను నెలల తరబడి కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన ఆ పేరు కొట్టింది.

వినికిడి పరీక్షల తేదీలు రాలేదు. ముందు సింహాల బొమ్మ వచ్చింది, పై నుంచి కిందికి మెల్లగా, ఒక్కో గీతే. దాని కింద ఎర్రక్షరాల్లో, శ్రవణ పరీక్షా కేంద్రంలో నేరుగా నియామకాలు. టైపిస్టులు, అటెండర్లు, నర్సులు. అభ్యర్థులు ఒరిజినల్ సర్టిఫికెట్లతో శుక్రవారం సాయంత్రం ఝపటాపూర్‌లో ఫలానా షాపు వెనక గదికి స్వయంగా రావలెను. కింద బాధ్యులెవరో కూడా రాసి ఉంది. రూతు దేవమణి, కంప్యూటర్ విభాగం.

తన పేరు. తండ్రి పేరుతో కలిపి, ఆఫీసు రికార్డులో ఉన్నది ఉన్నట్టు.

మెట్ల గోడ మీద దేవుళ్ల మధ్య సందు చూసుకుని ఉమ్మినట్టే, ఎవరో తన పేరుకీ ఆఫీసు పేరుకీ మధ్య సందు చూసుకుని ఉమ్మారు.

"ఏటే అలా అయిపోయినావు?" అని గంగాభవాని అడిగింది. రూతు సాయంత్రం నాలుగున్నరకి గేటు దగ్గరికి రమ్మని మాత్రం చెప్పి పంపింది. ఆ రోజు శుక్రవారం.

ఆఫీసు టెలిఫోనుకి తాళం ఉంటుంది, డయల్ తిరగకుండా. తాళం చెవి హెడ్‌క్లర్కు కృపారావు గారి జేబులో ఉంటుంది. ఆయన్ని అందరూ బడాబాబు అంటారు, రూతు మాత్రం పెదనాన్న అంటుంది. రూతు తండ్రికి ఆయన చిన్ననాటి స్నేహితుడు, చర్చి సంఘంలో పెద్ద, సొలొమోను సంబంధం తెచ్చిందీ ఆయనే. పెళ్లిలో హార్మోనియం వాయించిందీ ఆయనే. అందరికంటే ముఖ్యంగా, ఆ ఆఫీసు మొత్తంలో గోడ మీద ఉమ్మని పాన్ మనిషి ఆయనొక్కడే. ఆయన దగ్గర ఒక చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. మూత తీసి, అందులో ఉమ్మి, టప్పుమని మూత పెట్టి జేబులో వేసుకుంటారు. ఈ మురికిలో ఒక్క మనిషైనా శుభ్రంగా ఉన్నాడని రూతు ఎన్నోసార్లు అనుకుంది.

కృపారావు ఏమీ అడక్కుండానే తాళం తీశారు. "ఢిల్లీకా? మాటాడుకో అమ్మా" అని కుర్చీ కూడా జరిపారు.

ఢిల్లీలో ఫోనెత్తిన అతను మర్యాదస్తుడు. కాగితాలు తిరగేసి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల దృష్టిలో తప్పేమీ జరగలేదు. పేరు చూపించే చోటు మార్చమని మీ కేంద్రం నుంచే అర్జీ వచ్చింది, సరైన పాస్‌వర్డుతో వచ్చింది, మార్చాం. పేరంటే మీ ఇంటి బోర్డు లాంటిదమ్మా, పాస్‌వర్డు ఉన్నవాళ్లు దాన్ని ఏ ఇంటికైనా మేకు కొట్టుకోవచ్చు, అన్నాడు. మోసం జరిగిందని డైరెక్టరు సంతకంతో సోమవారం సాయంత్రం లోపు రాసి పంపితే ఆపుతాం, లేకపోతే విషయం పోలీసులకి వెళ్తుంది, అర్జీ పెట్టిన మనిషి జవాబు చెప్పుకోవాలి.

అర్జీ ఎవరు పెట్టారని రూతు అడిగింది.

"రూతు సొలొమోను" అన్నాడతను.

ఇక్కడొక సిగ్గు పడాల్సిన సంగతి జరిగింది. అంత కంగారులోనూ రూతు మనసు ఒక్క క్షణం ఎగిరి గంతేసింది. ఆ రెండు పేర్లూ కలిపి బయటి మనిషి నోట వినడం అదే మొదటిసారి. ఎక్కడో ఢిల్లీలో, మొహం తెలియని మనిషి, ఎంత మామూలుగా అన్నాడో. మరుక్షణం గుర్తొచ్చింది, ఆ పేరు తను ఆఫీసులో ఎక్కడా రాయలేదు. పేరు మార్పు కాగితం ఇంకా హాల్దార్ గారి బల్ల మీదే ఉంది. రాసుకున్నది ఇంట్లో, పాత క్యాలెండరు వెనక, సంతకం ఎలా ఉంటుందో చూసుకుందామని, కుంకుమ రంగు పెన్నుతో.

ఆ తర్వాత పాస్‌వర్డు ఎలా పోయిందో తెలుసుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. డిస్పాచిలో ఎమిలీ ఆంటీ ఉంటుంది. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, రూలు తప్పితే నిద్రపట్టని మనిషి. ఢిల్లీ నుంచి పాస్‌వర్డు ఈమెయిల్లో వచ్చిన రోజు రూతు పుట్టింటివాళ్లు పెట్టిన విందుకి సెలవులో ఉంది. ఆఫీసుకి ఉన్నది ఒకే ఈమెయిలు. వచ్చిన ప్రతి ఈమెయిలూ ఆంటీ ప్రింటు తీస్తుంది, అందిందని ముద్ర కొడుతుంది, నంబరు వేస్తుంది, పోస్టులో వచ్చిన ఉత్తరాన్ని ఎలా చూస్తారో అలాగే అన్ని విభాగాలకీ తిప్పుతుంది.

"పాస్‌వర్డు ఉన్న కాగితం కూడా తిప్పినారా ఆంటీ?"

"తిప్పకుండా నా దగ్గర దాచుకుంటానేటమ్మా? డాక్ అంటే డాకే." ఆంటీ నొచ్చుకుంది. "అందరూ చూసినట్టు పొట్టి సంతకాలు చేసినారు. డైరెక్టరు గారు చాలా సంతోషించి 'అందరికీ తెలియజేయండి' అని రాసినారు. అందికే నోటీసు బోర్డుకి పెట్టినాను."

రూతు వెళ్లి చూసింది. ఇంకా ఉంది. ఫుట్‌బాల్ పోటీల కాగితం పక్కన, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి, తాళం చెవిని వీధి గుమ్మానికి వేలాడదీసినట్టు. కాంటీన్‌లో టీ పోసేవాడు కూడా దాన్ని చదవచ్చు. ఎవరో కాగితం అంచుకి సున్నం వేలు తుడిచారు.

హాల్దార్ గారు ఆమె చెప్పింది విన్నారు. వింటూ రసగుల్లా పిండుకుని తిన్నారు. తను రాసిన 'అందరికీ తెలియజేయండి' సంగతి వచ్చినప్పుడు వేళ్లు నాక్కుని, ఆ విషయం మళ్లీ ఎత్తొద్దన్నట్టు చెయ్యి ఊపారు. కంప్యూటరు ఆయనకి తెలియదు. పేరు కావాలన్నది రూతు, అర్జీలో పేరు రూతుది, కాబట్టి సోమవారం పొద్దున ఎవరు చేశారో రూతే చెప్పాలి. చెప్తే ఢిల్లీకి సంతకం పెడతారు. చెప్పకపోతే పోలీసులకి ఆమె పేరు ఇస్తారు. ఇంతా చెప్పి, బంగాళీలో, తన చేప పాడవకుండా ఏసీ కాస్త పెంచమన్నారు.

నాలుగున్నరకి గంగాభవాని వచ్చింది. సొలొమోను రాడు. శుక్రవారాలు ఎక్స్‌చేంజిలో ఓవర్‌టైము, ఆమెని నడిచి వచ్చెయ్యమని పొద్దున్నే చెప్పాడు. అతను పక్కనుంటే బాగుండుననిపించింది. ఇలాంటి వాటిల్లో అతనికి బుర్ర చురుకు. సాయంత్రాలు తనకోసం వచ్చి కంప్యూటర్ గదిలో కూర్చున్నప్పుడు మౌసు పట్టుకోవడం తనే నేర్పింది, అతని చేతి మీద చెయ్యి వేసి. నెలలో తనకంటే బాగా వాడటం మొదలెట్టాడు. ఆ గుర్తుకి ఆ వేళలోనూ ఆమె బుగ్గలు వేడెక్కాయి.

ఝపటాపూర్ వెళ్లే దారిలో రూతు గంగాభవానికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం లేదని, ఎప్పుడూ లేదని. గంగాభవాని ఆమె చెయ్యి వదిలేసింది. తర్వాత అంది, "అయితే మా అమ్మ కమ్మలు?"

అప్పుడు తెలిసింది. వాళ్లమ్మ సింహాచలమ్మ చెవులకున్న కమ్మలు కూడా సర్టిఫికెట్లతో పాటు ఇచ్చారు. తవిటయ్యకి ఏమీ వినపడదు గానీ కళ్లు బాగానే కనపడతాయి. భార్య చెవులు బోడిగా ఉన్నాయేమని అడిగితే, మెరుగు పెట్టించడానికి ఇచ్చానని ఆవిడ సైగలు చేసి చెప్పిందట. రంధ్రాలు మూసుకుపోకుండా వేపపుల్లలు గుచ్చుకుని తిరుగుతోంది.

"ఇచ్చినప్పుడు మనిషి మొహం సూడలేదా?"

"తెర కట్టి ఉంటాదే. గవర్నమెంటు పరీక్ష కదా, రహస్యం అన్నారు. తెర కింద నుంచి సేతులు మాత్రమే వస్తాయి. హిందీలో మెల్లగా మాటాడినాడు."

ఝపటాపూర్‌లో ఆ గది రూతుకి తెలుసు. షాపు మలుపు తిరగ్గానే కాళ్లు ఆగిపోయాయి. శుక్రవారం ప్రార్థనలకని సంఘం అద్దెకి తీసుకున్న గది అది. వానాకాలం కారుతోందని ప్రార్థనలు వేరేచోటికి మార్చారు. తన పెళ్లి పాటలు ప్రాక్టీసు చేసింది అక్కడే. ఆడపిల్లలందరూ చాప మీద కూర్చుని, తన వైపు చూసి ముసిముసి నవ్వులు నవ్వుతూ పాడారు.

బయట బెంచీ మీద ఎవరూ లేరు. ఇంకా వేళ కాలేదు. లోపల గదికి అడ్డంగా పాత దుప్పటి కట్టి ఉంది. దాని మీద రూతుకి తెలిసిన మరక, తన పెళ్లి భోజనాల్లో పులుసు ఒలికినది. గంగాభవానిని బెంచీ మీద కూర్చోమని సైగ చేసింది.

దుప్పటి వెనక నుంచి చిన్న చప్పుడు వచ్చింది. టప్.

చెవుల పరీక్ష చేసే ఆఫీసులో పని చేసే మనిషికి ఆ ఒక్క చప్పుడు చాలు. రోజూ వినే స్టీలు డబ్బా మూత. రూతు అక్కడే కాసేపు నిలబడింది, తను విన్నది తప్పయితే బాగుండునని. తర్వాత దుప్పటి పక్కకి లాగింది.

కృపారావు గారు హార్మోనియం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఉలిక్కిపడలేదు. ఆమె కాళ్ల వైపు చూశారు.

"సెప్పులు బైట ఇప్పీసి రా అమ్మా. ప్రార్థన గది."

రూతుకి జీవితంలో అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆమె చెప్పులు విప్పలేదు. వాటికంటిన బురదతోనే చాప మీదికి వచ్చింది.

"మీరా పెదనాన్నా?"

ఆయన పెద్దమనిషి తరహాలోనే మాట్లాడారు, సంఘంలో తగువు తీర్చినట్టు. కూర్చోమన్నారు. నీళ్లు తాగమన్నారు. ఎవరికీ అన్యాయం చెయ్యలేదని చెప్పారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో తను పెట్టించిన పిల్లలు ఎంతమంది లేరు? వీళ్లలో ఒకరిద్దరికి రోజుకూలీకైనా ఎక్కడో పని చూస్తారు. మిగతావాళ్లు దేవుడి చిత్తం అనుకుని ఊరుకుంటారు. ఊరుకోవడం మనవాళ్లకి అలవాటే. ఇదంతా చెబుతూ మధ్యలో డబ్బా తీసి, శుభ్రంగా ఉమ్మి, మూత పెట్టారు.

"మరి సర్టిఫికెట్లు ఎందుకు?"

"సర్టిఫికెట్టు మన కాడ ఉంటే మనిషి మన కాడే ఉంటాడు. అరవడు, తిరగబడడు."

"నా పేరెందుకు పెట్టినారు?"

"ఆడపిల్ల పేరుంటే నమ్ముతారమ్మా." ఆయన చిన్నగా నవ్వారు. "నువ్వు నమ్మవు గానీ, గోల్ బజార్‌లో బోర్డు కడితే ఒక్కడు రాడు. పేపర్లో వేసినా రాడు. అదే ఇంటర్నెట్టులో సింహాల బొమ్మ పెట్టి, చివరన గవర్నమెంటు పేరుందనుకో, కళ్లకద్దుకుని వస్తన్నారు. అంత బలం ఉంది ఆ పేరుకి. తెచ్చింది నువ్వే కదా. నీ కష్టమే."

"చెవుడొచ్చినోళ్ల కోసం తెచ్చినాను" అంది రూతు. "తవిటయ్య బాబాయి కోసం. ఆయన పెళ్లాం చెవుల్లో ఇప్పుడు వేపపుల్లలున్నాయి. మీరు ఆదివారం సంఘం ఎదర నిలబడి పాట ఎత్తుకుంటారు."

ఆయన ఆ మాటకి మొహం చిట్లించారు, ఎవరో భోజనాల దగ్గర చెడ్డమాట అన్నట్టు.

రూతు హార్మోనియం మీద గుడ్డ తీసింది. పెళ్లి పాటల ప్రాక్టీసులో ఆ పెట్టె కింది అర ఎలా తెరుచుకుంటుందో చూసింది, పాటల పుస్తకాలు అక్కడే పెట్టేవారు. లాగింది. పుస్తకాలు లేవు. రబ్బరు బ్యాండ్లు వేసిన సర్టిఫికెట్ల కట్టలున్నాయి, బొద్దింకల వాసన కొడుతూ. పొట్లాలున్నాయి. ఒక్కో పొట్లం మీదా ఎవరిదో పేరు. చాలావరకు తెలిసిన పేర్లే. ఎల్లుండి ఆదివారం చర్చిలో పక్కన కూర్చునే పేర్లు.

"ఆ పిల్లదీ దాని తల్లిదీ పట్టుకుపో" అన్నారు కృపారావు, అదొక దయ అన్నట్టు. "మిగతావి ముట్టకు."

రూతు గంగాభవాని కట్టా, సింహాచలమ్మ పొట్లమూ తీసి దుప్పటి అవతలికి అందించింది. గంగాభవాని వేళ్లు వాటిని ఎంత గట్టిగా లాక్కున్నాయంటే పొట్లం కాగితం చిరిగింది. అక్కడే బెంచీ మీద కూర్చుని కమ్మలు అరచేతిలో వేసుకుని, రెండూ ఉన్నాయా అని చూసుకుని, ఏడుపు మొదలెట్టింది. రూతు మళ్లీ వంగి మిగతా కట్టలు ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకోవడం మొదలెట్టింది. ఆయన లేవలేదు. ఆపలేదు. అదే ఆమెకి అర్థం కాలేదు.

"సోమవారం మీ పేరు చెప్తాను పెదనాన్నా."

"సెప్పు." ఆయన పాన్ నెమ్మదిగా ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చారు. "ఆ మిషను ఎలా తెరుస్తారో కూడా నాకు తెలీదు. ఆఫీసంతా సాక్షి. ఎప్పుడైనా దాని ముందర కూకోగా సూసినావా? పేరు మార్చమని ఢిల్లీకి రాసింది నేనేటి? ఆ సింహాల బొమ్మ ఎక్కించింది నేనేటి?"

"మరెవరు?"

"రాసినోడు రూతు సొలొమోను అని రాసినాడు. నేనైతే ఆఫీసు రికార్డులో పేరు సూసి దేవమణి అనే రాసేవోడిని. కొత్త పేరు నువ్వెలా రాసుకుంటావో నాకేటి తెలుసమ్మా? నాకు సెప్పినావేటి?"

రూతు చేతిలో కట్ట కొంగులోకి జారింది. పాత క్యాలెండరు వెనక, కుంకుమ రంగు పెన్ను. ఎలా ఉందని అడిగితే, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరికీ ఇవ్వనని నవ్విన మనిషి.

"నన్ను అడక్కు" అన్నారు కృపారావు. డబ్బా జేబులో వేసుకుని, కండువా సర్దుకుని, గోడ గడియారం వైపు చూశారు. "శుక్రవారం కదా. వచ్చీ వేళయింది. అడిగేదేదో అతన్నే అడుగు."

బయట వాన మళ్లీ మొదలైంది. రేకుల మీద చినుకులు పడుతున్నాయి. ఆ చప్పుడులోంచి, షాపు మలుపు దగ్గర, సైకిలు బెల్లు మోగింది. రెండుసార్లు పొట్టిగా. ఒకసారి పొడుగ్గా.

బెంచీ మీద గంగాభవాని కళ్లు తుడుచుకుని, గొంతులో ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని లోపలికి కేకేసింది.

"ఇంక భయం లేదే రూతూ. మీ ఆయనొచ్చినాడు."